ఆలూ లేదు, చూలూ లేదు

ఆగస్టు చివరలో ఈ దేశంలో కాలేజీ ఫుట్‌బాల్ మొదలవుతుంది. మొదటి బంతి గాలిలోకి లేవకముందే జనవరి ఆటల జాబితాలు వచ్చేస్తాయి. రోజ్ బౌల్‌లో ఫలానా వారు, షుగర్ బౌల్‌లో ఫలానా వారు అని పేర్లతో సహా చెప్పేస్తారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మన సామెత ఇలాంటివారి కోసమే పుట్టినట్టుంది.

పిల్లలు ఇక్కడి యూనివర్సిటీల్లో చేరాక మనలో చాలామందికి ఈ ఆట అబ్బింది. సంతోషమే. మా ఆక్షేపణ ఆటమీద కాదు. దీపావళి విందులకు కూడినప్పుడు, నిన్న జరిగిన ఆట ఎలా సాగిందన్న మాట వదిలేసి, ఇంకా జరగని ఆటకు ఎవరు ఎంపికవుతారని గొంతులు చించుకోవడం మీద. ఇది ఉత్త కాలక్షేపమైతే ఇంత కాగితం ఖర్చు చేయనక్కరలేదు. జోస్యం ఇప్పుడు తీర్పు కుర్చీలో కూర్చుంది. అదీ మా ఫిర్యాదు.

1998 నుంచి 2013 దాకా ఓట్లనూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి చివరి ఆటకు ఇద్దరిని తేల్చేవారు. 2014 నుంచి ఆ పని 13 మంది సభ్యుల సంఘానికి అప్పగించారు. వారి తుది నిర్ణయం డిసెంబరు మొదట్లో, ఆటలన్నీ అయ్యాక, ఒక ఆదివారం వస్తుంది. అంతవరకు ఊరుకుంటే బాగుండేది. కాని అంతకు నెలరోజుల ముందునుంచే ప్రతి మంగళవారం రాత్రి టీవీలో 25 జట్లను వరస పెడతారు. న్యాయమూర్తి సాక్షుల విచారణ పూర్తికాకుండానే వారం వారం తీర్పు చదివినట్టు!

ఆ వరసల విలువ ఎంతో మొదటి ఏడే తేలిపోయింది. 2014 అక్టోబరు 28న వచ్చిన మొదటి జాబితాలో పై నాలుగు జట్లు మిసిసిపీ స్టేట్, ఫ్లోరిడా స్టేట్, ఆబర్న్, ఓల్ మిస్. చివరకు వాటిలో ఎంపికైంది ఫ్లోరిడా స్టేట్ ఒక్కటే. ఆనాడు 16వ స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్ ఛాంపియన్ అయింది. ఎలా అయిందో కూడా చూడండి. దాని మొదటి క్వార్టర్‌బాక్ ఆటలు మొదలుకాకముందే భుజం దెబ్బతో తప్పుకున్నాడు. రెండోవాడికి నవంబరు 29న చీలమండ విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్ దిగి విస్కాన్సిన్‌ను 59-0తో, అలబామాను 42-35తో, ఆరెగన్‌ను 42-20తో ఓడించిన జట్టును నడిపించాడు. ఏ జ్యోతిష్కుడికి అందింది ఈ లెక్క?

ఇక 2023కు రండి. ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బాక్ జోర్డన్ ట్రావిస్‌కు నవంబరు 18న కాలు విరిగింది. ఆ తరువాత కూడా ఆ జట్టు రెండు ఆటలు గెలిచి, మొత్తం 13 గెలుపులతో, ఒక్క ఓటమి లేకుండా తన కాన్ఫరెన్స్ విజేత అయింది. అయినా నలుగురిలో చోటు దక్కలేదు. ఒక్కొక్క ఓటమి ఉన్న టెక్సస్, అలబామాలకు దక్కింది. కారణం? ఆ కుర్రవాడు లేకపోతే ముందు ముందు గెలవలేరని సంఘం ఊహ! జరిగిన 13 ఆటల కన్నా జరగని ఒక్క ఆట బరువు తూగింది. 2014లో మూడో కుర్రవాడికి దొరికిన అవకాశం 2023లో దొరకలేదు.

మేము వైద్యులం. ముందు ఏమవుతుందో చెప్పడం మా వృత్తిలో భాగమే. రోగి బంధువులు వరండాలో ఆపి "ఎన్నాళ్ళు డాక్టరుగారూ?" అని అడుగుతారు. తెలిసినంతలో చెబుతాం. కాని చెప్పిన చేత్తోనే మరణ పత్రం రాయం, మంచం ఖాళీ చేయించం. అంచనా వేరు, ఫలితం వేరు. రెంటినీ కలిపిన వైద్యుడిని ఏ ఆసుపత్రీ ఉంచుకోదు.

"ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో అదే ఫ్లోరిడా స్టేట్ 63-3తో ఓడిపోలేదా, సంఘం మాట నిజమే కదా" అని కొందరు మిత్రులు అంటారు. ఆ ఆటకు జట్టులో చాలామంది దిగనేలేదు. అన్నం పెట్టకుండా పడుకోబెట్టి, చూశారా నీరసంగా ఉన్నాడు అన్నట్టుంది ఈ వాదన. "2024 నుంచి 12 జట్లకు చోటిచ్చారు కదా" అని మరికొందరు. నాలుగో వాడికీ ఐదో వాడికీ ఉన్న తగవు పన్నెండో వాడికీ పదమూడో వాడికీ మారింది, అంతే. "సరదాకు కూడా అనుకోకూడదా" అనేవారికి మా అడ్డు లేదు. ఉగాదినాడు పంచాంగం విని, రాజపూజ్యం రెండు, అవమానం ఐదు అంటే నవ్వుకుని, పులిహోర తిని ఇంటికి వస్తాం. అది చూసి ఎవరూ ఎవరి ఉద్యోగమూ తీసెయ్యరు. జోస్యం చెప్పేవాడి చేతిలో అధికారం లేనంతవరకే అది సరదా.

ఈ సూత్రం మన ఇళ్ళకూ వర్తిస్తుంది. తొమ్మిదో క్లాసు పిల్లవాడి మార్కులు చూసి వీడు మెడిసిన్‌కు, వాడు ఎందుకూ కాడు అని భోజనాల బల్ల దగ్గర వరస పెట్టేది మనమే. ఫీజు కట్టేదీ, దారి నిర్ణయించేదీ మనమే. ఆ బల్ల దగ్గర పదహారో స్థానంలో కూర్చున్నవాడికి ఇంకా ఎన్ని ఆటలు మిగిలి ఉన్నాయో ఎవరు చూశారు?

మేము కోరేది చిన్నదే. చివరి ఆట అయ్యేదాకా సంఘం నోరు విప్పకూడదు. ఆడి గెలిచినదాన్నే తూచాలి గాని, ఆడబోయేదాన్ని కాదు. వచ్చే నవంబరు విందులో మనవాళ్ళు జాబితాలు తీస్తే, "ఆట ఇంకా మిగిలుంది, కూర్చోండి" అని చెప్పవలసిందిగా చదువరులకు మనవి.