శిబిరంలో పుట్టిన బిడ్డది ఏ దేశం?

సంపాదకులకు,



2025 సెప్టెంబరు 1న అమలులోనికి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టంతోపాటు కేంద్ర ప్రభుత్వం ఒక మినహాయింపుల ఉత్తర్వు వెలువరించినది. 2015 జనవరి 9 నాటికి ఈ దేశంలో ఆశ్రయం పొంది, పేర్లు నమోదు చేయించుకొన్న శ్రీలంక తమిళులను పాసుపోర్టు, వీసా లేవన్న కారణంపై శిక్షించరాదని అందులో ఉన్నది. సంతోషమే. కాని శిక్ష తప్పినంత మాత్రాన పౌరసత్వం వచ్చినట్లు కాదు. అసలు చిక్కు అక్కడనే ఉన్నది.

నేను తరతరాలుగా తిరుచిరాపల్లిలో ఉంటున్న తెలుగు కుటుంబంలోనివాడను. మా ఊరి కొట్టపట్టులోను, రామేశ్వరం దారిలోని మండపంలోను వీరి శిబిరాలు ఉన్నవి. 1983 అల్లర్ల తరువాత పడవలెక్కి వచ్చినవారు, వారి పిల్లలు, మనుమలు కలిసి 2021 నాటి రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం వందకు పైగా శిబిరాలలో సుమారు 59 వేల మంది. ఆ ఏడే 'శరణార్థి శిబిరం' అన్న పేరు తీసి 'పునరావాస శిబిరం' అని పెట్టినారు. పేరు మారినది గాని చట్టం దృష్టిలో మనిషి స్థితి మారలేదు.

పౌరసత్వ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం పాసుపోర్టు లేక వచ్చిన విదేశీయుడు 'అక్రమ వలసదారుడు'. ఎన్నేండ్లు ఇక్కడ ఉన్నా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకొనే అర్హత అతనికి లేదు. 2004 డిసెంబరు 3 నుండి పుట్టిన బిడ్డకు తల్లి ఈ దేశస్థురాలే అయినా, తండ్రి అట్టివాడైతే పుట్టుకచేత పౌరసత్వం రాదు. 2019 సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి వచ్చిన కొన్ని మతాలవారికి ఈ అడ్డు తొలగించినది. అందులో శ్రీలంక పేరు లేదు.

వీరిలో చాలామంది తాతముత్తాతలు తెల్లవారి కాలంలో తేయాకు తోటల పనికి ఈ జిల్లాల నుండి వెళ్లినవారే. 1948లో సింహళ ప్రభుత్వం వారికి పౌరసత్వం లేకుండ చేసినది. 1964 అక్టోబరులో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె చేసుకొన్న ఒప్పందంలో 5,25,000 మందిని స్వీకరిస్తామని మన దేశం మాట ఇచ్చినది. ఆ ఒప్పందం క్రింద ఓడలో వచ్చినవాడు పౌరుడైనాడు. ఆ పని ముగియకముందే యుద్ధం వచ్చి, ప్రాణభయంతో చేపల పడవలో వచ్చిన అతని దాయాది అక్రమ వలసదారుడైనాడు. ఇదెక్కడి న్యాయం?

ఇటువంటి కష్టం మనవారికి తెలియనిది కాదు. 1962 తరువాత బర్మా నుండి కట్టుబట్టలతో వచ్చినవారిలో తెలుగువారెందరో ఉన్నారు. విశాఖలోని బర్మాక్యాంపు, మద్రాసులోని బర్మాబజారు ఆ కథ చెబుతున్నవి. వారిని శిబిరాలలో తరతరాలు ఉంచక స్థలాలు, అప్పులు ఇచ్చి నిలబెట్టినారు. ఇప్పుడు వారెవరో మనం గుర్తుపట్టనైనా లేము. ఆదరించిన ఫలితం అది.

వీరికి పౌరసత్వమిస్తే ఇంకెందరో వస్తారని కొందరి భయం. సరిహద్దును కాచుకొనే హక్కు ప్రతి దేశానికి ఉన్నది, నేను కాదనను. కాని నమోదుకు గడువు తేదీ ప్రభుత్వమే పెట్టినది, పేర్ల పట్టిక దాని దగ్గరే ఉన్నది. కొత్తవారికి తలుపు తెరవడం వేరు, నలభై ఏండ్లుగా ఇంటిలో ఉన్నవారి స్థితి తేల్చడం వేరు. 2009లో యుద్ధం ముగిసినది గనుక తిరిగి పొమ్మనవచ్చునా? వెళ్లగోరినవారికి పత్రాలిచ్చి సాయపడవలసినదే. కాని ఆ దేశాన్ని కన్నులారా చూడని బిడ్డను 'తిరిగి' పొమ్మనడంలో అర్థమేమున్నది?

1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక స్త్రీకి పాసుపోర్టు ఇవ్వవలసినదని 2022లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించినది. 1987 జులై 1కి ముందు ఈ గడ్డపై పుట్టినవారు చట్టప్రకారం పౌరులే. అట్టివారు ఒక్కొక్కరు కోర్టు మెట్లెక్కకుండ అధికారులే శిబిరాలకు వెళ్లి పత్రాలివ్వాలి. భారత సంతతివారి విషయంలో 1964 నాటి మాట చెల్లించాలి. తక్కినవారికి 'అక్రమ' అన్న ముద్ర తొలగించి, దరఖాస్తు పెట్టుకొనే దారి పార్లమెంటు చూపాలి. ఆయా ఊళ్ల తెలుగు సంఘాలు తమ పార్లమెంటు సభ్యులకు ఈ సంగతి వ్రాయవలెనని కోరుతున్నాను. పొరుగూరిలో పాతుకొని బ్రతికిన మనకంటే ఈ బాధ ఎవరికి బాగా తెలుస్తుంది?

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుచిరాపల్లి