ఆటగాడు కాకపోయినా.. ఆటలోనే కొలువు

విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో తెల్లారేసరికి ప్రాక్టీస్ మొదలుపెట్టే వాళ్లలో మీరూ ఉండొచ్చు. కాలేజీ జట్టుకు ఆడారు, పై సెలక్షన్ రాలేదు. డిగ్రీ అయిపోవస్తోంది. ఇక ఆట వదిలేయాల్సిందేనా?

ఆర్.శ్రీధర్‌నే చూడండి. హైదరాబాద్ రంజీ జట్టు ఎడమచేతి స్పిన్నర్. భారత్‌కు ఆడే అవకాశం రాలేదు. కోచింగ్‌లోకి వెళ్లారు. 2014 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టు అసిస్టెంట్ కోచ్. అదే ఏడాది సీనియర్ జట్టు ఫీల్డింగ్ కోచ్. ఆటగాడిగా దక్కని జెర్సీని కోచ్‌గా ఏడేళ్లు వేసుకున్నారు!

ఇది ఎలా సాధ్యమైంది? ఇప్పుడు పెద్ద జట్లకు బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్, ఫిట్‌నెస్, వీడియో అనాలిసిస్... దేనికది వేరే మనిషి కావాలి. అన్నీ కొంచెం కొంచెం తెలిసినవారి కంటే, ఒక్కటి లోతుగా తెలిసినవారికే గిరాకీ.

రెండో వైపూ చూడాలి. 2021 టీ20 ప్రపంచకప్‌తో హెడ్ కోచ్ రవిశాస్త్రి గడువు ముగిసింది. శ్రీధర్ కూడా ఆయనతోపాటే బయటికొచ్చారు. అసిస్టెంట్ కోచ్‌ది కాంట్రాక్టు కొలువు. పైవాళ్లు మారితే మీ కుర్చీ కూడా కదులుతుంది.

అందుకే చేతిలో ఒక పట్టా ఉంచుకోండి. స్కూల్ వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు బీపీఈడీ అక్కరకొస్తుంది. మన పక్కనే నాగార్జున యూనివర్సిటీలో వ్యాయామ విద్య కాలేజీ ఉంది. కోచ్ కావాలంటే పాటియాలా ఎన్ఐఎస్ డిప్లొమాకు విలువెక్కువ. ఈలోగా మీ గ్రౌండ్‌లోనే నలుగురు పిల్లలకు నేర్పండి. నేర్పడం మీకు వచ్చో రాదో అక్కడే తేలిపోతుంది.