కిచెన్ ఉందన్నారు, అందులో ఏముందో కూడా చెప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

హైదరాబాదులోని లాలాపేట్ నుంచి రాస్తున్నాను. సెలవులకు ఊరెళ్లినప్పుడు హోటల్ గది కాకుండా వంటిల్లున్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఇంటి తిండే వండుకు తినే కుటుంబాల తరఫున ఈ ఉత్తరం. అనంతగిరి వెళ్లినా, నాగార్జునసాగర్ వెళ్లినా, సోమశిల వెళ్లినా ఇప్పుడు ఫామ్‌హౌస్‌లు, హోమ్‌స్టేలు దొరుకుతున్నాయి. వాటి ప్రకటనల్లో ‘కిచెన్ ఉంది’ అని ఒక్క ముక్క రాస్తారు. అందులో ఏముందో తాళం తీసేదాకా తెలియదు. ముందే తెలిసేలా చేయడం మీ శాఖకు పెద్ద పని కాదు. కానీ దానిమీద ఆధారపడ్డవాళ్లం చాలామందిమి ఉన్నాం.

మొన్న వేసవిలో వికారాబాద్ వైపు అలాంటి ఒక ఇంట్లో దిగాం. ఇండక్షన్ స్టవ్ ఉంది, దానిమీద పెట్టడానికి ఒక్క గిన్నె లేదు. మేం తీసుకెళ్లింది మామూలు అల్యూమినియం కుక్కర్. అయస్కాంతం అంటుకునే అడుగున్న పాత్రకే ఇండక్షన్ పొయ్యి పనిచేస్తుంది. అల్యూమినియం, రాగి, మట్టి పాత్రలు పెడితే వేడెక్కవు. స్టవ్ ఏ రకమో ప్రకటనలో రాసి ఉంటే స్టీలు కుక్కర్ పెట్టుకుని వెళ్లేవాళ్లం. మా అమ్మకు షుగర్. రాత్రి మాత్ర వేసుకునే వేళకు పొద్దున మిగిలిన అటుకులు తప్ప ఆమె ముందు పెట్టడానికి ఏమీ లేదు.

బయట తినొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. పిల్లలకు మెత్తన్నం కావాలి, పెద్దలకు కారం, నూనె తక్కువగా ఉండాలి, కొందరికి జొన్నరొట్టె తప్ప మరొకటి పడదు. మా లాలాపేట్ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార సూచనల్లో ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ఉంది. నాలుగు రోజులు దాబా కూరలు తింటూ ఆ మాట పాటించడం ఎవరి తరం? ఇంటిల్లిపాది మూడు పూటలా హోటల్లో తినాలంటే అయ్యే ఖర్చు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పోయిన చోట వండుకు తినడం మనకు కొత్తేమీ కాదు. మేడారం జాతరకు వెళ్లే కుటుంబాలు గిన్నెలు, బియ్యం, చివరికి కోళ్లు కూడా వెంట తీసుకెళ్లి జంపన్నవాగు చుట్టుపక్కల చెట్ల కింద పొయ్యి పెడతాయి. కార్తీకంలో వనభోజనాలకూ అంతే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మన హైదరాబాదు మీదుగానే వెళ్లారు. ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయో, నీళ్లు ఎలా ఉన్నాయో తన ‘కాశీయాత్ర చరిత్ర’లో రాసిపెట్టారు. వెనక వచ్చేవాళ్లకు అక్కరకొస్తుందనే కదా. ఫోన్లో ఇల్లు బుక్ చేసే ఈ రోజుల్లో మాకు ఆ పాటి సమాచారం కూడా అందడం లేదు.

తెలియదు కాబట్టి అన్నీ మోస్తాం. మా వీధిలో ఎవరి ప్రయాణపు సంచి విప్పినా మూడు లీటర్ల కుక్కర్, దానిలోపల గుడ్డలో చుట్టిన గాస్కెట్, విజిల్, పోపుల పెట్టె, పట్టకారు, చిన్న మిక్సీ జార్, అట్టముక్కల మధ్య కట్టిన కత్తి ఉంటాయి. బోరునీళ్లలో కందిపప్పు ఉడకదని కొందరు నీళ్ల డబ్బా కూడా కారెక్కిస్తారు. ఇవన్నీ బరువే కానీ ప్రమాదం కాదు. ప్రమాదం గ్యాస్‌ది, కరెంటుది.

ముందు కరెంటు సంగతి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. గోడకుండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకు మించి తట్టుకోదు. పెద్ద ప్లగ్గు, అంటే 16 ఆంపియర్లది, వంటగట్టు దగ్గర లేకపోతే జనం పడగ్గదిలోంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కొచ్చి వండుతారు. వైరు వేడెక్కి కాలిన వాసన వచ్చేదాకా ఎవరూ గమనించరు. గడ్డి, చెక్కలతో కట్టిన కాటేజీల్లో అంటుకుంటే ఎంతసేపు?

ఇక గ్యాస్. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర నిలిపిన యాత్రికుల బోగీలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన యాత్రికులు వాళ్లు. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చిన సిలిండరే కారణమని రైల్వే ప్రకటించింది. ప్రమాదకరమైన సరుకును రైల్లోకి తెస్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పక్కన బతికే మాకు ఈ నియమాలు కొత్త కాదు. అయినా చెర్లపల్లిలోనో సికింద్రాబాద్‌లోనో రైలెక్కే యాత్రికుల సామాన్లలో చిన్న సిలిండర్ ఉండదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. దిగబోయే చోట పొయ్యి ఉందన్న నమ్మకం లేనివాళ్లే ఆ పని చేస్తారు. రైల్వే పోలీసు ఎంత వెతికినా పొయ్యి దొరకదేమోనన్న భయం పోదు. దిగేచోట పొయ్యి ఉందని ముందే తెలిస్తే పోతుంది.

కేంద్ర పర్యాటక శాఖకు హోమ్‌స్టేలను గోల్డ్, సిల్వర్ అని వర్గీకరించే పథకం ఉంది. యజమాని అదే ఇంట్లో ఉంటూ 6 గదుల దాకా అద్దెకిస్తే దాని కిందికి వస్తుంది. యజమాని ఉండని ఫామ్‌హౌస్‌లు అందులోకి రావు. మేం వండుకోవడానికి ఎక్కువగా దిగేది వాటిలోనే. అక్కడే రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవాలి.

అద్దెకిచ్చే ప్రతి ఇంటి ప్రకటనలోనూ స్టవ్ గ్యాస్‌దా, ఇండక్షనా, ఎన్ని బర్నర్లు, ఏయే పాత్రలు ఎన్ని లీటర్లవి, 16 ఆంపియర్ల ప్లగ్గు ఎక్కడుంది, తాగే నీళ్లు ఎక్కడివి అన్న వివరాలు తప్పనిసరి చేయండి. గ్యాస్ ఉన్నచోట సిలిండర్ గోడ బయట ఉండాలని, మంటలార్పే సాధనం అందుబాటులో ఉండాలని నిబంధన పెట్టండి.

మరొకటి మీ చేతిలోనే ఉంది. పెళ్లికి కావలసిన గుండిగలు, గరిటెలు టెంట్‌హౌస్ నుంచి తెచ్చుకున్నట్టే, మీ శాఖ కింది సంస్థ నడిపే హరిత హోటళ్లలో డిపాజిట్ తీసుకుని వంటసామాను అద్దెకివ్వండి. ఒక స్టీలు కుక్కర్, అడుగు మందంగా ఉన్న ఒక గిన్నె, పెనం, కత్తి, రెండు గరిటెలు ఉంటే చాలు, నలుగురి కుటుంబం రెండు రోజులు గడుపుతుంది. చుట్టుపక్కల ప్రైవేటు ఇళ్లలో దిగినవాళ్లకు కూడా ఇవ్వండి. మొదట నాగార్జునసాగర్‌లో మొదలుపెట్టి చూడండి. కార్తీక మాసంలో అక్కడికి వనభోజనాలకు వచ్చే కుటుంబాల చేతుల్లో ఏ సంచులున్నాయో మీ అధికారులను ఒక ఆదివారం నిలబడి చూడమనండి. ఏ సామాను ఎన్ని సెట్లు కావాలో వాళ్లకే లెక్క తెలుస్తుంది.

ఇట్లు,
లాలాపేట్ నివాసి