ఇంటికి చేరడమూ ఆరోగ్యమే

రాయ్‌పూర్‌కూ ఉక్కునగరం భిలాయికీ నడుమ ఉన్న పారిశ్రామిక పట్టణం కుమ్హారి. 2024 ఏప్రిల్ 9 రాత్రి అక్కడి మద్యం కర్మాగారంలో పని ముగించుకుని ఇళ్లకు బయలుదేరిన కార్మికుల బస్సు, మొరం తవ్విన లోతైన గోతిలో పడిపోయింది. కనీసం 12 మంది మరణించారు. ఢిల్లీ నుంచి సంతాప సందేశాలు వెలువడ్డాయి, విచారణకు ఆదేశాలు జారీ అయ్యాయి.

ఇటువంటి మరణాలను రోడ్డు ప్రమాదాల పద్దులో రాసి ఊరుకోవడం మనకు పరిపాటి. ఆరోగ్యమనగానే వైద్యులు, మందులు, పడకల సంఖ్య గుర్తుకు వస్తాయి. కానీ రోగం లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమమంతా కలిస్తేనే ఆరోగ్యమనీ 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి పేర్కొన్నది. తిండి, నీరు, నిద్ర, భద్రత, గౌరవం కరవైన చోట ఆస్పత్రి చేయగలిగింది స్వల్పమే.

ఈ సంగతి ఆ ప్రాంత కార్మికులకు అనుభవంలో తెలిసింది. భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన దల్లీ రాజ్‌హరా గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన కాంట్రాక్టు కార్మికులు 1977లో ఉద్యమించారు. జూన్ 2, 3 తేదీల పోలీసు కాల్పుల్లో 11 మంది బలయ్యారు. తరువాత కూలి పెరిగింది. అయితే పెరిగిన కూలి సారా దుకాణానికి చేరుతున్నదని గ్రహించిన యూనియన్ మద్యానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపింది. యూనియన్ నాయకురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించడంతో, సొంత వైద్యశాల ఉండాలన్న సంకల్పం బలపడింది. కార్మికుల చందాలతో, శ్రమదానంతో 1983లో షహీద్ ఆస్పత్రి వెలిసింది. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్య చేశారు. ఆస్పత్రి మాత్రం నిలిచింది. కూలి, అలవాట్లు, వైద్యం వేరువేరు సమస్యలు కావన్నదే ఆ గనుల అనుభవ సారం.

ఇదంతా ఎక్కడో ఛత్తీస్‌గఢ్ వ్యవహారమని తెలుగువారు భావించడానికి వీలులేదు. ఉపాధి కోసం వెళ్లి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. మన విశాఖలోనే 2020 మే 7 తెల్లవారుజామున ఇళ్లలో నిద్రిస్తున్న వారిని కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి కబళించింది. మృతులకు ఉన్న రోగమేమిటి? వారికి కావలసింది మందు కాదు, పీల్చదగిన గాలి.

పనికి వచ్చిపోయే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా ఉద్యోగ ప్రమాదంగా పరిగణించాలని 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. ఇది హర్షణీయమే. కానీ పరిహారం ప్రమాదం జరిగాక అందేది. గోతి చుట్టూ కంచె, దారిలో దీపం, కండిషన్‌లో ఉన్న బస్సు ప్రమాదానికి ముందే ఉండవలసినవి. వీటికయ్యే ఖర్చు స్వల్పం. దానిని ఆరోగ్య వ్యయంగా గుర్తించి, యాజమాన్యాల చేత, గని లైసెన్సుదారుల చేత ముందుగానే పెట్టించవలసిన బాధ్యత ప్రభుత్వాలదే. ఉదయం పనికి వెళ్లిన మనిషి రాత్రికి క్షేమంగా ఇల్లు చేరలేని చోట ఎన్ని ఆరోగ్య పథకాలు ప్రకటించినా ప్రయోజనం శూన్యం.