పలక ఏ భాషలో పలకాలి?

ఎం.ఎఫ్.ఏ. పట్టా చేతికిస్తారా, ఇంగ్లీషుకిస్తారా? ఈ మాట ఎవర్నడిగినా నవ్వి వూరుకుంటున్నారు. రెండేళ్ళు స్టూడియోలో రాత్రీ పగలూ లేకుండా మట్టితోనో రాయితోనో రంగుతోనో కుస్తీపట్టిన విద్యార్థిని, చివరికి తను చేసిన పని ముందు నిలబడి నాలుగు పేజీల ఇంగ్లీషు ‘కాన్సెప్ట్ నోట్’ అప్పగించాలి. ఆమె చేసింది ‘ఆర్ట్ ప్రాక్టీస్’ అవుతుందా, వుత్త చేతిపనిగా మిగిలిపోతుందా అన్నది ఆ నాలుగు పేజీలే తేలుస్తాయి. సాహిత్యంలో పరిశోధన చేసినదానివి, బొమ్మల గొడవ నీకెందుకు అంటారేమో. ఇది బొమ్మల గొడవ కాదు, భాష గొడవ.

నా దగ్గరికి ఇది పుల్లలచెరువు నుంచి వచ్చింది. పశ్చిమ ప్రకాశంలో, పల్నాడు సరిహద్దుకి ఆనుకుని వున్న మండలం. వాన పడితే పంట, లేకపోతే వలస. అక్కడినుంచి ఒక అమ్మాయి బి.ఎఫ్.ఏ. చదివి ఎం.ఎఫ్.ఏ. దాకా వచ్చింది. ఎంత విశేషమో అని నేనంటే, ‘మా వూళ్ళో బి.టెక్ చేసినోళ్ళని ఎవరూ విశేషం అనరక్కా, నన్నే ఎందుకంటారు’ అని అడిగింది. ఇంట్లో వాళ్ళు మాత్రం ‘బొమ్మలు కూడు పెడతాయా’ అన్నారట. బి.టెక్ చేసి ఖాళీగా వున్న అన్నని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ అమ్మాయి తల్లి పెళ్ళికి ముందు మార్కాపురంలో పలకల పని చేసింది. మా తరం దాకా ఎంతోమందిమి అక్షరాలు దిద్దుకున్నది మార్కాపురం రాతిపలక మీదే. రాయిని పొరలుగా చీల్చి, కొలతకి కోసి, నున్నగా అరగదీసి, కొయ్యచట్రం బిగిస్తే పలక. ఈ పనిలో ఆడవాళ్ళూ, పిల్లలూ ఎంతమంది వుండేవారో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. 1988లో కేంద్రప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలో ఎంచుకున్న కొద్ది చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలతో, ఫిరోజాబాద్ గాజుతో పాటు మార్కాపురం పలకలు కూడా వున్నాయి. బళ్ళో పిల్లలు దిద్దే పలకని బడికి పోని పిల్లలు చేశారన్నమాట. తరవాత నోటుపుస్తకాలు చవకయ్యాయి, రేకు పలకలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాయి, గిరాకీ పడిపోయింది. ఇప్పుడు అదే రాయి టైల్స్‌గా విదేశాలకి పోతోంది. పలకగా వున్నంతకాలం కూలిపని, పరాయిదేశంలో స్నానాలగది గోడకెక్కేసరికి డిజైన్!

ఆ అమ్మాయి ఏం చేసిందో చెప్తాను. తల్లితో కలిసి పనిచేసిన ఆడవాళ్ళలో పదకొండుమంది పేర్లు తల్లికి గుర్తున్నాయి. పదకొండు రాతిపలకలు తాళ్ళతో వేలాడదీసింది. వాటిమీద పేర్లు రాయలేదు, బొమ్మలు గీయలేదు. చూడవచ్చినవాళ్ళు చిన్న కొయ్యపుల్లతో వాటిని తట్టాలి. మంచి రాయి తడితే ఖంగుమంటుందనీ, లోపల చీలిక వున్నది డొల్లగా మోగుతుందనీ తల్లికి తెలుసు. చట్రం వేశాక విరిగితే కూలి పోతుంది కాబట్టి చెవితో ముందే కనిపెట్టటం ఆ ఆడవాళ్ళు నేర్చుకున్న విద్య. ఎవరి గొంతు ఎట్లా వుండేదో తల్లి చెప్తుంటే, దానికి దగ్గరగా మోగే రాయిని గుట్టల్లో ఏరి తెచ్చింది కూతురు. దగ్గుతూ పనిచేసిన ఒకామెకి డొల్లరాయి తెచ్చింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పిన పని నేను చూడలేదు.

ప్యానెల్‌లో ఒకరు ఇది హస్తకళల స్టాల్‌లా వుంది, ఇందులో కాన్సెప్ట్ ఏది అన్నారు. ఆ అమ్మాయి ఇదంతా తెలుగులో చెప్పింది. ఇంగ్లీషులో చెప్పమన్నారు. తడబడింది. ఇంకొకాయన సానుభూతిగానే, మీ ప్రాంతంలో కరువూ ఫ్లోరైడ్ కాళ్ళూ వుంటాయి కదా, ఆ ఫోటోలు పెడితే బలంగా వుంటుంది అన్నాడట. వెనుకబడిన ప్రాంతపు అమ్మాయి తన ప్రాంతపు రోగాన్ని తెచ్చి చూపెడితే కళ, అక్కడి విద్యని తెచ్చి చూపెడితే స్టాల్. చివరికి రాతపూర్వకంగా నోట్ ఇస్తేనే మళ్ళీ చూస్తామన్నారు.

ఆ నోట్ నేను రాసిచ్చాను. రాసినందుకు విచారం లేదు, ఆ అమ్మాయికి డిగ్రీ కావాలి. ‘సోనిక్ మెటీరియాలిటీ’ అన్నాను, ‘జెండర్డ్ లేబర్’ అన్నాను, ‘ఆర్కైవ్’ అనే మాట మూడుసార్లు వాడాను. ప్యానెల్‌కి బాగా నచ్చింది. ఒక్క పలక అటునుంచి ఇటు కదల్లేదు, ఒక్క తాడు పొడుగు మారలేదు. మారింది భాష ఒక్కటే. మరి మార్కులు దేనికి వేసినట్టు?

ఆ మార్పిడిలో పోయినదాని గురించి కూడా చెప్పాలి. ‘డొల్ల’ని నేను ‘డిసొనెన్స్’ చేశాను. డిసొనెన్స్ సంగీతశాస్త్రం మాట. డొల్ల అనేది రాయికీ, చెట్టుకీ, మనిషికీ, నాయకుడి హామీకీ కూడా వాడే మాట. తట్టి చూసిన చెయ్యి అందులో వుంది. పైకి గట్టిగా కనపడేదాని లోపల ఏమీ లేదని కనిపెట్టిన అనుభవం వుంది. ‘పలక’లోనే ‘పలుకు’ వినపడటం తెలుగు చెవికి విడమరిచి చెప్పక్కర్లేదు. కాన్సెప్ట్ ఏది అని అడిగారే, అది ఇక్కడుంది. తల్లి నోట్లో వుంది.

కాలేజీలు లేవా అంటే వున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ వుంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ శాఖ వుంది. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో, ఆంధ్రకి ఎన్.ఐ.డి. 2015లో, కడపలో ఇంకో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో వచ్చాయి. వాటి గుమ్మం దాకా రావటమే సమస్య. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటిన బడికి ఆర్ట్ బోధకులు వుండాలంది. ఆ అమ్మాయి చదివిన బడిలో డ్రాయింగ్ టీచర్ని ఎప్పుడూ చూడలేదు. ప్రభుత్వం పెట్టే టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షల్లో డ్రాయింగూ, చేనేతా, టైలరింగ్-ఎంబ్రాయిడరీ పక్కపక్కనే వుంటాయి. ఆడపిల్లల్ని దేనికి కూర్చోబెడతారో మనకి తెలుసు. ఒకదాన్ని కళ వైపుకీ ఇంకోదాన్ని కుట్టుమిషను వైపుకీ తోసేసేది ఆ తరవాతే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897-1925) పేరుతో చిత్రశాల వుంది, వుండాల్సిందే. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. వాళ్ళ పేర్లు ఆయన జీవితచరిత్రలో ఒక వాక్యంగా తప్ప ఎందరికి తెలుసు? పల్లెటూరి ఆడదాని రూపం మన ఆధునిక చిత్రకళకి పెద్ద పెట్టుబడి. లక్ష్మాగౌడ్, వైకుంఠం ఇద్దరూ పల్లెల్లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివి, ఆ రూపాన్ని ప్రపంచానికి చూపించారు. వాళ్ళ గీత శక్తిని నేను కాదనను. ఆ బొమ్మలోని ఆమె బయటికి వచ్చి నేనూ గీస్తానంటే, నోట్ పట్రా అంటున్నారు కదా, నా కోపం దానిమీద. లిండా నాక్లిన్ 1971లోనే చెప్పింది, గొప్ప స్త్రీ కళాకారులు ఎందుకు లేరో ప్రతిభలో కాదు, సంస్థల్లో వెతకమని. పోనీ ఆ సుబ్రహ్మణ్యన్‌నే తీసుకోండి. చేతివృత్తుల పరంపర ఆధునిక కళకి పరాయిది కాదని జీవితమంతా వాదించాడు. బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్లలో గురువులూ విద్యార్థులూ కలిసి ఆటబొమ్మలు చేశారు. ఆయన పేరు చెప్పుకునే ఆచార్యులకి పలకల దగ్గరికొచ్చేసరికి స్టాల్ గుర్తొచ్చింది.

ఇంగ్లీషు రాకపోతే రెసిడెన్సీలు రావు, గ్యాలరీలు పిలవవు, ఆ పిల్లకే నష్టం అని ఒక మిత్రురాలు నాతో పోట్లాడింది. నిజమే, ఇంగ్లీషు నేర్పండి. రెండేళ్ళలో వారానికి రెండు గంటలు నేర్పితే ఎవరు వద్దన్నారు? నేర్పకుండా పరీక్ష మాత్రం అందులో పెట్టటాన్ని చదువు అనరు, వడపోత అంటారు. ఆ జల్లెడలో ఎవరు మిగులుతారో, ఎవరు జారిపోతారో కులమూ, వూరూ, ఆడపుట్టుకా ముందే నిర్ణయించేస్తాయి.

ఇంగ్లీషు మీడియం కోర్సులో వున్నా విద్యార్థులు స్థానిక భాషలో పరీక్ష రాసేందుకు అనుమతించమని యు.జి.సి. 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలని కోరింది. తెలుగుకి ప్రాచీన హోదా వచ్చింది 2008లో. కాబట్టి అడగటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఎం.ఎఫ్.ఏ. డిసర్టేషనూ, కాన్సెప్ట్ నోటూ తెలుగులో తీసుకోండి. ప్యానెల్‌లో తెలుగు రానివాళ్ళుంటే అనువాదకులని పెట్టండి, ఆ ఖర్చు విభాగం భరించాలి, విద్యార్థిని కాదు. రాయి గురించి పని చేసినప్పుడు బయటి పరీక్షకుల్లో రాయి పని చేసిన ఒక స్త్రీని కూర్చోబెట్టండి. మిగతా పరీక్షకులకిచ్చే టి.ఏ., డి.ఏ.లే ఆమెకీ ఇవ్వాలి.