బండి రాకముందే

ఆమధ్య భూపాలపల్లినుంచి మా బావగారు వచ్చారు. కాళ్లు కడుక్కొని కూర్చున్నారో లేదో, "మా వూరికి రైలొస్తుందటోయ్!" అన్నారు.

"ఎప్పుడండీ?" అన్నాను.

"మా పెద్దాడి బారసాలనాటినుంచీ వస్తూనే వుంది" అని లోపలినుంచి అక్కయ్య అందించింది.

నవ్వుకున్నాం గాని, అది నవ్వి వదిలేసే సంగతి కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11న ఒక్కరోజే జిల్లా కేంద్రాలైనాయి. మొదటి రెంటికీ నిజాంకాలంనుంచీ రైలుంది. భూపాలపల్లిలోనో, సింగరేణి బొగ్గుంది, పక్కనే చెల్పూరులో కరెంటు తయారవుతుంది. మనిషి రైలెక్కాలంటే మాత్రం బస్సులో వరంగల్లు చేరాలి. రామగుండంనుంచి భూపాలపల్లి, ములుగుల మీదుగా మణుగూరుదాకా సుమారు 200 కిలోమీటర్ల లైనుకు ప్రతిపాదన వుంది. బావగారి ఆశ అదే.

"అయితే మీ పంచాయతీలూ, మునిసిపాలిటీ యేం చేస్తున్నాయి?" అన్నాను.

"రైలు ఢిల్లీవారిది. మావాళ్లు చేసేదేముంది? బండి వచ్చిననాడు దండలు పట్టుకొని నిలబడటమే!"

ఇక్కడే నాకూ బావగారికీ పేచీ వచ్చింది.

1883లో హైదరాబాదులో చాందా రైలు వ్యవహారం నడిచింది. ఒప్పందం కుదుర్చుకునేముందు దాని వివరాలు ప్రజలకు చెప్పమని కొందరు పెద్దలు అడిగారు. వారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు, సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఒకరు. అడిగినందుకు అఘోరనాథుణ్ణి రాజ్యంనుంచే వెళ్లగొట్టారు. తర్వాత జనగామ, మానుకోటల మీదుగా బెజవాడదాకా 1889 నాటికి బండి నడిచింది. ఆనాడు అడగటం నేరం. ఈనాడు అడగటానికి చట్టమే గడువిచ్చింది. ఆ గడువును మనమే పోగొట్టుకుంటున్నాం.

ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుకు భూమి కావలసివస్తే ప్రకటన గెజెట్లో పడుతుంది. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయభాషలో వుండాలి. ఆ భూమిలో హక్కున్నవారు 30 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. పత్రిక చూడని రైతు సంగతేమిటి? పంచాయతీవారు దండోరా వేయించి, సర్వే నంబర్లు చదివి వినిపించి, అర్జీ రాయటం రానివారికి రాసిపెడితే, అదెంత వుపకారం! ములుగు వైపు యేజెన్సీ గ్రామాల్లోనైతే, 1996 నాటి చట్టం ప్రకారం భూమి తీసుకునేముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి.

రెండోది నీళ్లు. అది కాకతీయులనాటి చెరువుల సీమ. గణపురం, రామప్ప, లక్నవరం అన్నీ ఆ చుట్టుపక్కలవే. రైలుకట్ట అంటే పొలాలకు అడ్డంగా వేసే పొడుగాటి గట్టు. యే వాగు యెటు పొంగుతుందో, యే కాలవ యెక్కడ దాటుతుందో పటం గీసే ఇంజనీరుకన్నా ఆ వూరి నీరటికాడికి బాగా తెలుసు. ఆ తెలివిడిని పంచాయతీ తీర్మానంగా రాసి, కలెక్టరుకూ రైల్వేవారికీ ముందే పంపాలి. కట్ట పోసినతర్వాత తూము అడిగితే యెవరు వింటారు?

మూడోది దారి. స్టేషను రైల్వేవారు కడతారు. అక్కడికి వెళ్లే రోడ్డూ, దీపాలూ, మురుగుకాలవా మునిసిపాలిటీ చూసుకోవాలి. ఆ స్థలం ఇప్పుడే అట్టేపెట్టకపోతే, స్టేషను పేరు వినగానే ప్లాట్లు లేస్తాయి; రేపు ఆడపిల్లలు రాత్రి బండి దిగి చీకట్లో సందులు వెతుక్కోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గు బండ్లతోపాటు మనుషుల బండి కూడా కావాలని అడగటం. కాలేజీ వేళకూ, ఆస్పత్రి వేళకూ యే గ్రామాలవారు యెందరు ప్రయాణం చేస్తున్నారో వార్డువారీగా లెక్కకట్టి చూపిస్తే, ఆ కోరికకు బలం వస్తుంది.

బావగారు కాసేపు ఆలోచించి, "ఒక కాగితం ఇటివ్వు" అన్నారు.

అక్కయ్య కాఫీ గ్లాసులు అందిస్తూ, "ఇకనుంచి మా ఇంట్లో పేపరు అలమర్లో పరిచేముందు ఒకసారి చదివి పరుస్తాను" అంది.