టవర్‌ని తిట్టే ముందు ల్యాబ్‌లో కార్డు చూడండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక మాట అడుగుతా. మీ ఆశ్రమ పాఠశాల ల్యాబ్‌లోనో, పంచాయతీ ఆఫీసులోనో వీడియో బాగానే ఆడుతుంది. కానీ స్కాలర్‌షిప్ కోసం కుల ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చేయబోతే సగంలో ఆగిపోతుంది. పక్క సిస్టమ్‌లో అదే ఫైలు ఎక్కుతుంది. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: "ఏజెన్సీ కదా, ఇక్కడ నెట్ ఇంతే."

ఈ మాట మనం మానేయాలి.

మన దగ్గర టవర్లు చాలవు, నిజమే. దాని కోసం అడగాల్సిందే. కానీ ఒకే గదిలో, ఒకే లైన్ మీద ఒక కంప్యూటర్ పరుగెత్తి ఇంకొకటి కుంటుతుంటే దానికి కొండా, అడవీ కారణం కాదు. తప్పు ఆ గదిలోనే ఉంది. చవక నెట్‌వర్క్ కార్డు, దాని సెట్టింగు, లేదంటే కేబుల్.

తేల్చుకోవడం కష్టమేం కాదు. ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం రెండు కంప్యూటర్లలో వేసుకోండి. తర్వాత ఇంటర్నెట్ లైన్ తీసేసి, స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచండి. మొదటి దాని నుంచి రెండో దానికి స్పీడు కొలవండి, మళ్లీ తిరగేసి కొలవండి. 100 ఎంబీపీఎస్ కార్డయితే రెండు వైపులా 90 దాకా రావాలి. ఒక వైపు 90, ఇంకో వైపు 5 వచ్చిందా? టవర్‌కి సంబంధమే లేదు, ఎందుకంటే ఆ పరీక్షలో ఇంటర్నెట్టే లేదు.

ఇప్పుడు కారణం వెతకండి. ముందు కేబుల్ మార్చండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు. ఒక్క తీగ తెగినా గిగాబిట్ కార్డు సాధారణంగా 100కి పడిపోతుంది.

తర్వాత డ్యూప్లెక్స్ సెట్టింగు. ఒక వైపు ఎవరో చేత్తో 'ఫుల్' పెట్టేసి, రెండో వైపు 'ఆటో'లో ఉంటే, ఆటో వైపు 'హాఫ్'కి దిగిపోతుంది. ఒకరు వింటూనే మాట్లాడతారు, రెండోవారు ఎదుటివాళ్లు మాట్లాడినప్పుడల్లా ఆగిపోతారు. చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైలు పాకుతుంది. రెండు వైపులా ఆటో పెట్టండి.

అప్పటికీ కుదరకపోతే కార్డు. పాత సిస్టమ్‌లలో విరివిగా కనిపించే రియల్‌టెక్ 8139 లాంటి కార్డు వచ్చే ప్రతి ప్యాకెట్‌నీ కాపీ చేసే పని ప్రాసెసర్ మీదే వేస్తుంది. నీరసంగా ఉన్న ప్రాసెసర్ అక్కడే అలిసిపోతుంది. చిన్న వైఫై డాంగిల్ సంగతి వేరు: రౌటర్ మాట దానికి వినిపిస్తుంది, దాని సన్నని గొంతు రౌటర్‌కి సరిగా అందదు. అందుకే డౌన్‌లోడ్ బాగుండి అప్‌లోడ్ చస్తుంది. కార్డు తీసి ఇంకో సిస్టమ్‌లో పెట్టండి. జబ్బు కార్డుతో పాటే వెళ్తే అది కార్డు జబ్బే.

చవకైనవన్నీ చెడ్డవని నేననను. ఇప్పటి మామూలు గిగాబిట్ కార్డులు చాలావరకు బాగానే పనిచేస్తాయి. నా అభ్యంతరం కొనే పద్ధతి మీద. టెండర్ కాగితంలో 'ల్యాన్ కార్డు' అని మాత్రమే రాసి, తక్కువ ధర చెప్పినవాళ్లకి ఇచ్చేస్తే వచ్చేది ఏదైనా 'సరఫరా అయింది' అనే లెక్కలోకి పోతుంది. బిగించాక రెండు వైపులా స్పీడు కొలిచి సంతకం పెట్టాలన్న షరతు ఉండాలి. ఆఖరి తేదీ రోజు అప్‌లోడ్ కాక పోయేది మన పిల్లల ఏడాది.

కాబట్టి ఈ వారం మీ ల్యాబ్‌లో కొలవండి. ఏ సిస్టమ్, ఏ కార్డు, వెళ్లే స్పీడెంత, వచ్చే స్పీడెంత అని కాగితం మీద రాయండి. సమాచార హక్కు చట్టం 2005 కింద ఆ కొనుగోలు స్పెసిఫికేషన్, ధర, మెయింటెనెన్స్ ఒప్పందం అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ రెండు కాగితాలూ కలిపి ఐటీడీఏ పీఓ గారి గ్రీవెన్స్‌లో ఇవ్వండి. "నెట్ రావట్లేదు సార్" అంటే "టవర్ వస్తుందిలే" అని పంపించేస్తారు. "6వ సిస్టమ్‌లో వెళ్లే స్పీడు 5, వచ్చేది 90, కార్డు మార్చండి" అంటే ఆ జవాబు చెల్లదు.